చూపుపెట్టెలో పచ్చ ముద్ర

ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి సువార్త కళ్ళు పనిచేయవని కంపెనీ వాళ్ళు మార్చి మధ్యలో తెలియజేశారు. ఏలూరు పవర్‌పేటలోని ల్యాబ్‌లో ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తపు స్లైడు చూస్తుండగా, చూపులోనే కింది అంచున అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. మీరు వాడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగో వెర్షన్ గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది, ఐదో వెర్షన్ కొనుక్కోండి అని వాటి సారాంశం. ఆమె తల అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పినా అక్షరాలు వెంటే వచ్చాయి.

ముప్పై ఎనిమిదో ఏట సువార్తకు చూపు పోయింది. కంటి వెనక పొర ఎండిపోయే జబ్బు. వెలుతురుందో లేదో తెలిసేది తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. రెండేళ్ళు అలా గడిచాక విజయవాడ ఆసుపత్రిలో కంటి లోపల గోరంత రేకు అమర్చారు. కళ్ళజోడులో కెమెరాలు, నడుముకు కట్టుకునే అగ్గిపెట్టెంత యంత్రం. ఇంట్లో వాళ్ళు దాన్ని చూపుపెట్టె అనేవారు. కెమెరా పట్టిన బొమ్మను ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్ ముక్కలుగా విడదీసి, కంటిలోని రేకు మీద మెరుపులుగా రాసేది. రేకు చిన్నది, లోకం పెద్దది. అందుకని బొమ్మ ఎప్పుడూ పూర్తిగా వచ్చేది కాదు. తెలియనిచోట సాఫ్ట్‌వేర్ బూడిదరంగు మచ్చ వదిలేసేది. తల కాస్త కదిపితే మచ్చ పక్కకు జరిగి, దాని కింద ఉన్నది కనపడేది. సువార్త ఆ ఓపిక నేర్చుకుంది. ఒక్కో స్లైడును మిగతా టెక్నీషియన్లకన్నా రెట్టింపు సేపు చూసేది. ల్యాబ్ యజమాని డాక్టర్ హైమవతి మొదట్లో ఆమె చూసిన ప్రతి స్లైడునూ తాను మళ్ళీ చూసేవారు. ఏడాది అలా చూశాక మానేశారు.

"మచ్చ ఉన్నచోట నువ్వు ఆగుతావు సువార్తా. కళ్ళున్నవాళ్ళు ఆగరు," అన్నారు ఒకసారి.

ఐదో వెర్షన్ ధర సువార్త ఏడు నెలల జీతం. ఆ సంగతి విని ఆమె భర్త విజయరత్నం అన్నం సగంలో వదిలి లేచాడు. అతను ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. కూతురు గుంటూరులో నర్సింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. నాలుగు రోజులయ్యాక అతను ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఆ ఐదో వెర్షనే ఏడో వంతు ధరకిస్తున్నారు. ఆన్‌లైన్లో."

"ఏడో వంతుకా? అసలుదేనా అండీ?"

"అదే చూస్తున్నాను."

నిజంగానే చూశాడు. తెలిసిన దారులన్నీ వెతికాడు. సైటు పేరు పక్కన తాళం గుర్తుంది. కొన్నవాళ్ళు ఎనిమిది వందలమంది అభిప్రాయాలు రాశారు, మచ్చలు పోయాయని అందులో సగంమంది సంబరపడ్డారు. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తామన్నారు. ఫోను చేస్తే ఒకావిడ చక్కటి తెలుగులో మాట్లాడింది. పెద్ద ఆసుపత్రులు వందలకొద్దీ లైసెన్సులు కొని, వాడగా మిగిలినవి వదిలేస్తాయనీ, వాటినే తాము తక్కువకు ఇస్తున్నామనీ చెప్పింది. పెట్టెలో ఎక్కించుకున్నాక చూపులో కుడివైపు పైన పచ్చటి ముద్ర కనపడుతుందనీ, అది కనపడితే సాఫ్ట్‌వేర్ అసలైనదని అర్థమనీ, కనపడకపోతే డబ్బు వాపసనీ అంది.

విజయరత్నానికి అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. బస్సు పార్టు ఏదైనా చేతికొస్తే దాన్ని తిప్పి, పోత పోసినప్పుడు పడ్డ కంపెనీ ముద్ర చూసేవాడు, గోటితో గీకేవాడు, నేలమీద తట్టి మోత వినేవాడు. ఇక్కడ తిప్పి చూడటానికేమీ లేదు. పాతిక అక్షరాల నంబరు, దించుకోవడానికి ఒక లింకు, అంతే. గడువు ఇంకా ఆరు రోజులుంది. సువార్త పొద్దున లేవగానే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకోవడం అతను చూస్తూనే ఉన్నాడు. కొనేశాడు.

ఎక్కించిన పది నిమిషాలకు ఆమె చూపు ఆరిపోయి మళ్ళీ వెలిగింది. కుడివైపు పైన, అరటాకు రంగులో గుండ్రటి ముద్ర. అందులో 'అసలైనది' అని తెలుగులోనే రాసి ఉంది.

"వచ్చిందా?" అన్నాడు విజయరత్నం.

"వచ్చిందండీ." ఆమె ఇల్లంతా కలయజూసింది. గోడ, కిటికీ, కిటికీలోంచి ఎదురింటి మేడ, మేడ మీద ఆరేసిన బట్టలు. ఎక్కడా బూడిద మచ్చ లేదు. ఐదేళ్ళ తర్వాత మొదటిసారి లోకం అతుకుల్లేకుండా కనపడింది. ఆమె కుర్చీలో కూర్చుని ఏడ్చింది. అతను పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక ఆమె కళ్ళజోడు తుడిచి పెట్టాడు.

ల్యాబ్‌లో పని జోరందుకుంది. ఇదివరకు ఇరవై నిమిషాలు పట్టే స్లైడు ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో అయిపోతోంది. ఎర్రకణాలు నున్నగా, గుండ్రంగా, అంచు చెదరకుండా అద్దం కింద బారులు తీరి కనపడుతున్నాయి. తల కదపక్కర్లేదు. పదకొండు రోజుల్లో నూట అరవై మూడు స్లైడులు చూసి సంతకం పెట్టింది.

పన్నెండో రోజు ఆదివారం.

ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, పాటల బృందంలోని మార్తమ్మ దగ్గరికొచ్చి విజయరత్నాన్ని ఎగాదిగా చూసింది.

"ఏంటి విజయరత్నం గారూ, మీసం తీసేసేరు? గుర్తుపట్టలేకపోయేను."

"మంగలి ఒకపక్క ఎక్కువ కోసేసేడండి. ఇక మొత్తం తీయించేసేను. మూడ్రోజులైంది," అన్నాడతను నవ్వుతూ.

సువార్త కూడా నవ్వబోయి భర్త ముఖంలోకి చూసింది. మీసం ఉంది. ఎప్పటిలాగే దట్టంగా, ఎడమవైపు రెండు తెల్ల వెంట్రుకలతో సహా ఉంది. ఇద్దరూ కలిసి తనను ఆట పట్టిస్తున్నారనుకుంది. మార్తమ్మ వెళ్ళిపోయింది. నవ్వు మాత్రం సువార్త ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"ఏవండీ, ఇలా రండి."

చర్చి ప్రహరీ పక్కకు తీసుకెళ్ళి అతని పైపెదవి మీద వేలు పెట్టింది. వేలికి నున్నటి చర్మం తగిలింది. మూడ్రోజుల గరుకు తగిలింది. కంటికి మాత్రం ఆమె వేలు దట్టమైన మీసం మీద ఉంది.

"నువ్వే అంటావని చూస్తున్నాను, మూడ్రోజులుగా. ఏమీ అనలేదేంటా అనుకున్నాను," అన్నాడు విజయరత్నం.

ఆమె చెయ్యి తీసేసింది. కుడివైపు పైన పచ్చ ముద్ర కదలకుండా వెలుగుతోంది.

ఇంటికి రాగానే విజయరత్నం తెల్లకాగితం తీసుకున్నాడు. ఆమెవైపు వీపు పెట్టి కూర్చుని పెన్నుతో చుక్కలు పెట్టి, కాగితం ఆమె ముందు ఉంచాడు.

"ఎన్నున్నాయో లెక్కపెట్టు."

ఆమె జాగ్రత్తగా లెక్కపెట్టింది. "నలభై ఒకటి."

"నేను ఇరవై ఆరే పెట్టేను. మధ్యలో అరచెయ్యంత ఖాళీ వదిలేను."

"ఖాళీ ఎక్కడుందండీ? కాగితం నిండా ఉన్నాయి చుక్కలు."

అతను ఇంకో కాగితం తీశాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు రాశాడు. ఆమె చూసింది. అన్నీ నల్లటి చుక్కలు, వరుసగా, ఒక్కలాగే ఉన్నాయి.

"వేరేగా ఏమైనా కనపడిందా?"

"లేదు. అన్నీ చుక్కలే."

విజయరత్నం ఆమె వేలు పట్టుకుని కాగితం మీద మూడుచోట్ల ఉంచాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ. చుక్కలు కాదు, సున్నాలు గీసేను. లోపల బోలు. చిన్న ఉంగరాల్లాగ."

ఉంగరం అనే మాట విని సువార్త లేచి నిలబడింది. మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరినప్పుడు కనపడేది చిన్న ఉంగరమే. వందల కణాల మధ్య ఒకటో రెండో కణాల్లో, సన్నటి ఉంగరం, దాని మీద రాయిలాగ ఒక చుక్క. దాన్ని వెతకడమే తన ఉద్యోగం. పదకొండు రోజులుగా ఆమె చూసిన కణాలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"విజయవాడ ఫోను చెయ్యండి. షహనాజ్‌కి," అంది.

షహనాజ్ ఆసుపత్రిలో చూపుపెట్టెలు సరిచూసే ఇంజనీరు. సువార్తకు మొదటిసారి చూపు వచ్చినరోజు ఎదురుగా కూర్చున్న అమ్మాయి. ఆదివారమైనా ఫోను తీసింది. అంతా వింది.

"ముద్ర కనపడిందా అమ్మా?"

"ఇప్పటికీ కనపడుతోంది. పచ్చగా."

"ఆ ముద్రని మీ కంట్లో గీసింది కూడా ఆ సాఫ్ట్‌వేరే కదమ్మా. అది మంచిదో కాదో దాన్నే అడిగినట్టయింది. పెట్టెలోని నంబరుని వేరేవాళ్ళు బయటినుంచి చదవాలి. సార్‌కివ్వండి ఫోను."

విజయరత్నం ఫోను స్పీకర్లో పెట్టి, షహనాజ్ చెప్పినట్టు పెట్టెకు తీగ తగిలించి, తన ఫోనులో వచ్చిన అంకెలు ఒక్కొక్కటే చదివాడు. చదువుతున్నంతసేపూ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. అవతల షహనాజ్ కంపెనీ జాబితాలో వెతికింది.

"నంబరు అసలుదే సార్. ఎక్కడో ఆసుపత్రికి శిక్షణ కోసమని ఒక్క పెట్టెకిచ్చిన నంబరు. ఇప్పుడది నాలుగు వందల పన్నెండు పెట్టెల్లో నడుస్తోంది. లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చేసేరు. మచ్చలంటే ఎవరికీ ఇష్టం ఉండదు కదా, అందుకని మచ్చ రావలసినచోట పక్కనున్నదాన్నో, పాత జ్ఞాపకంలో ఉన్నదాన్నో తెచ్చి అతికిస్తోంది. కళ్ళజోడు తీసేయమనండి సార్. ఇప్పుడే తీసేయమనండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడానికి కూడా లేదు, గడువైపోయింది."

"మిగతా నాలుగు వందలమందికి ఎవరు చెబుతారు?" అంది సువార్త పక్కనుంచి.

"కంపెనీకి ఇప్పుడే రాస్తాను. మీరు ఎక్కడ కొన్నారో ఆ వివరాలన్నీ నాకు పంపండమ్మా."

సువార్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కిటికీ ఉన్నవైపు లేత వెలుతురు, మిగతా అంతా చీకటి. విజయరత్నం ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తోందో దాన్నిబట్టి అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడని తెలిసింది.

"నేనే తెచ్చిపెట్టేను నీకిది," అన్నాడు.

"ఇద్దరం కలిసే చూసేం కదండీ. బండి తియ్యండి. డాక్టరుగారింటికి వెళ్దాం."

"రేపు పొద్దున్న చెబితే కాదా? ముందు షహనాజ్ ఏదైనా దారి చూపిస్తుందేమో. సువార్తా, ఈ సంగతి చెప్పేక నిన్ను మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చోబెడతారా?"

"కూర్చోబెట్టరు."

"మరి?"

"రేపటిదాకా ఆగితే ఇంకో రోజు జ్వరం అవుతుంది కదండీ వాళ్ళకి."

తాళంచెవుల చప్పుడు వినపడింది.

డాక్టర్ హైమవతి భోజనం చేసి అప్పుడే నడుం వాల్చారు. సువార్త కళ్ళజోడు లేకుండా, భర్త మోచెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడటం చూసి పెట్టె పాడయిందేమో అనుకున్నారు. సువార్త నిలబడే చెప్పింది. ఎక్కడ కొన్నారో, ముద్ర ఎలా వచ్చిందో, మీసం సంగతి, కాగితం మీద ఉంగరాల సంగతి, ఏదీ దాచలేదు. డాక్టరు ముఖం ఎలా మారుతోందో ఆమెకు తెలియదు. మారకుండా ఉండదని మాత్రం తెలుసు.

"ఎన్ని స్లైడులు?"

"నూట అరవై మూడండి."

డాక్టరు లేచి చెప్పులు వేసుకున్నారు.

"నాకు చెప్పకుండా వెర్షన్ మార్చుకున్నావా?"

"మార్చుకున్నానండి."

"స్లైడులు పదిహేను రోజులు ఉంచుతాం. అన్నీ ఉంటాయి. మోహన్‌కి ఫోను చేస్తాను. ముందు జ్వరాలవి తీద్దాం."

ల్యాబ్ తలుపులు తీశారు. మోహన్ రెండో టెక్నీషియను, భోజనం మధ్యలో లేచి వచ్చాడు. సువార్త రిజిస్టరు పక్కన కుర్చీలో కూర్చుంది. చెయ్యగలిగిన పని ఒక్కటే మిగిలింది. ఏ రోజు ఏ జ్వరం కేసు వచ్చిందో ఆమెకు చాలావరకు గుర్తుంది. పేరు చెబితే విజయరత్నం రిజిస్టరులో వెతికి నంబరు చెబుతున్నాడు, మోహన్ ఆ స్లైడు తీసి ఇస్తున్నాడు, డాక్టరు చూస్తున్నారు. అద్దాలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా సువార్త ఊపిరి బిగబట్టేది. డాక్టరు "సరే" అంటే వదిలేది. సరే, సరే, సరే. ముప్పై అయ్యాయి. నలభై అయ్యాయి.

నలభై మూడో స్లైడుకు సరే అన్న మాట రాలేదు. మైక్రోస్కోపు మీటను మెల్లగా తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఇది ఎవరిది?"

విజయరత్నం చదివాడు. "మడకం వెంకటలక్ష్మి. ఇరవై రెండేళ్ళు. బుట్టాయగూడెం పక్కన ఊరు. ఐదు నెలల గర్భిణి అని రాసుందండి. మంగళవారం వచ్చేరు."

"కణాల నిండా ఉన్నాయి ఉంగరాలు. నువ్వు ఏం రాశావు సువార్తా?"

"మలేరియా క్రిములు కనపడలేదని రాసేనండి," అంది సువార్త.

ఆ అమ్మాయి ఆమెకు గుర్తుంది. రక్తం తీస్తుంటే చెయ్యి వణికింది. పక్కనున్న అక్క ఆ చేతిని గట్టిగా పట్టుకుని, "చలి లేదు కదే, ఎందుకు వణుకుతావు," అంది. అది చలిజ్వరం. ఆ వణుకు సువార్త తన చేతుల్తో తాకింది. కంటికి శుభ్రంగా కనపడిందని చేతికి తెలిసినదాన్ని పక్కన పెట్టేసింది.

మోహన్ రిజిస్టరులోని నంబరుకు ఫోను చేశాడు. మూడోసారికి ఎత్తారు. వెంకటలక్ష్మిని శనివారం పొద్దుటే ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చారట. ఒళ్ళెరగని జ్వరం. అక్కడ మళ్ళీ రక్తం చూసి మలేరియా అని మందు మొదలుపెట్టారట. డాక్టర్ హైమవతి ఫోను తీసుకుని అక్కడి డాక్టరుతో తానే మాట్లాడారు. ఫోను పెట్టేశాక ఎవరూ అడగకుండానే చెప్పారు.

"అమ్మాయి బతికింది. కడుపు పోయింది."

మిగతా జ్వరం స్లైడులు చూడటం పూర్తయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. ఇంకొకటే తప్పు దొరికింది, తణుకులో ఒక పెద్దాయనది. ఆయన వేరేచోట చూపించుకుని అప్పటికే కోలుకున్నాడు.

మర్నాడు సువార్త పెద్దాసుపత్రికి వెళ్ళింది. డాక్టర్ హైమవతి తానే వెళ్తానన్నారు, ల్యాబ్ తరఫున బాధ్యత తనదేనన్నారు. మీరు కూడా రండి, కాని రిపోర్టు మీద సంతకం నాదండి అంది సువార్త.

ఆడవాళ్ళ వార్డు బయట బెంచీ మీద వెంకటలక్ష్మి అక్క పార్వతి కూర్చుని ఉంది. ఊళ్ళో అంగన్‌వాడీ నడుపుతుంది. డాక్టరు తానెవరో చెప్పుకుని, జరిగింది చెప్పారు, చికిత్స ఖర్చు ల్యాబ్ పెట్టుకుంటుందన్నారు. పార్వతి అంతా విని, డాక్టరుతో కాకుండా సువార్తతో మాట్లాడింది.

"ఆ రోజు చూసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"మీకు కళ్ళు కనపడవా?"

"పెట్టె పెట్టుకుంటే కనపడతాయి. ఆ రోజు పెట్టెలో ఉన్న సాఫ్ట్‌వేర్ నకిలీది. నాకు తెలీదు. తక్కువకొస్తుందని కొన్నాం. అసలుదేనా అని చూసుకోవలసిన తీరు తెలీక, అది చెప్పిందే నమ్మేను."

వార్డు లోపల ఎవరో దగ్గుతున్నారు. విజయరత్నం సువార్త వెనకే నిలబడి ఉన్నాడు.

"మా చెల్లి జ్వరం తగ్గలేదని మళ్ళీ తీసుకెళ్దామంటే వాళ్ళాయన రిపోర్టు చూపించేడు," అంది పార్వతి. "ఇందులో ఏం లేదని రాసేరు కదా, ఊరికే భయపడతావేంటి అన్నాడు. నాలుగు రోజులు ఊరుకున్నాం. ఇప్పుడు లోపల అది, వాళ్ళు రిపోర్టు బాగానే ఇచ్చేరు, నేనే సరిగా తినలేదు, నావల్లే పోయిందంటోంది. ఎంత చెప్పినా వినదు."

సువార్త ఆ గొంతువైపు ఒక అడుగు వేసింది. "నేను లోపలికొచ్చి చెబుతాను. వింటుందా?"

"మాట వద్దు. నిన్నటినుంచి అందరూ మాటలే చెబుతున్నారు దానికి. కాగితం మీద రాసివ్వండి. ఆ రిపోర్టు కూడా కాగితమే కదా, దాన్ని నమ్మింది. రాసి సంతకం పెట్టివ్వండి. నేను దాని చేతిలో పెడతాను."

డాక్టర్ హైమవతి చిన్నగా, "సువార్తా, రాసిస్తే అది కోర్టులో కూడా," అని ఆగిపోయారు.

"తెలుసండి," అంది సువార్త. "కాగితం ఉందా అండీ?" అని భర్తను అడిగింది.

పార్వతి తన సంచిలోంచి అంగన్‌వాడీ పుస్తకం తీసి ఒక కాగితం చింపింది. సువార్త బెంచీ మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. విజయరత్నం ఆమె ఎడమ చూపుడువేలిని గీత మొదలున్నచోట ఉంచాడు. చూపు లేని రెండేళ్ళలో రాసినట్టే రాసింది, అక్షరాలు పెద్దవిగా, వేలును గీత వెంట జరుపుకుంటూ. గీత అయిపోయినప్పుడల్లా విజయరత్నం ఆమె వేలు కింది గీతకు దించాడు. అయిదు గీతలయ్యాయి. కింద పేరు రాసి, తారీఖు వేసి, కాగితం చేతికిచ్చింది.

"ఏం రాసేనో నాకు కనపడదమ్మా. మీరు పైకి చదవండి. ఎక్కడైనా తప్పుంటే మళ్ళీ రాస్తాను."

పార్వతి కాగితాన్ని వెలుతురువైపు తిప్పుకుని, పిల్లలకు పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటే విడదీసి చదివింది.

"వెంకటలక్ష్మికి. మంగళవారం నాడు నీ రక్తంలో మలేరియా ఉంది. నేను లేదని రాశాను. ఆ రిపోర్టు తప్పు. బిడ్డ పోయింది నీ తిండివల్ల గాని, నీ పనివల్ల గాని కాదు, ఇందులో నీ తప్పేదీ లేదు."

"అంతేనా ఉంది? ఇంకేమైనా చేరిందా?" అంది సువార్త.

"అంతే ఉంది. కింద మీ పేరుంది."

పార్వతి కాగితం మడవలేదు. అలాగే పట్టుకుని లేచి వార్డులోకి నడిచింది. సువార్త బెంచీ మీద కదలకుండా కూర్చుని, లోపల చివరి మంచం దగ్గర మళ్ళీ మొదటినుంచి చదువుతున్న ఆ గొంతును వింటూ ఉంది.